పగలగొట్టినవాడే పట్టుకోవాలి

మామ పోయాడని ఫోను వచ్చేసరికి నేను గిటారుకు తీగలు మారుస్తున్నాను. మూడు వేశాను, మూడు మిగిలాయి. ఫోను పెట్టేసి మిగిలిన మూడూ బిగించాకే లేచాను. సగంలో వదిలేసి వెళ్ళుంటే ఆయనకు కోపం వచ్చేది. ఏడుపు ఆ తర్వాత బస్సులో వచ్చింది, ఆపుకోలేదు.

మామ నాకు చుట్టం కాదు. ఆయన సాయిబు, నేను జమ్మలమడుగు చర్చిలో పాటలు నేర్చుకున్నవాణ్ణి. మా వైపు ఒక మనిషిని మామా అని పిలవడానికి చుట్టరికంతో పనిలేదు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనకాల ఒక ఇరుకు సందులో ఆయనకు వడ్రంగం అంగడి ఉండేది. మంచం కోళ్ళు, తలుపులు, దుకాణాల గల్లాపెట్టెలు చేసేవాడు. ఎప్పుడో ఎవరో భజన గుడి హార్మోనియం తెచ్చి చూడమంటే చూశాడట. అది పలికింది. ఆ తర్వాత ఊళ్ళో వాద్యం ఏది విరిగినా ఆ సందులోకే చేరేది. కవ్వాలీ వాళ్ళ బాంజోలు, బడి డోళ్ళు, మా చర్చి గిటార్లు అన్నీ మంచం కోళ్ళ మధ్య వరుసగా ఆనించి ఉండేవి.

ఆయనకు గిటారు వాయించడం రాదు. ముప్పై ఏళ్ళు గిటార్లు బాగుచేసిన మనిషి ఒక్క పాట కూడా నేర్చుకోలేదు. ఎందుకు మామా అని అడిగితే, "నేనూ వాయిస్తే ఇంగ నీకు వంక పెట్టేదెవరు?" అనేవాడు. వంక పెట్టడంలో మాత్రం ఆయన్ను మించినవాడు లేడు. గిటారు చేతికివ్వగానే ముందు వెనక్కి తిప్పి, వేలి కణుపుతో మూడు చోట్ల తట్టి, చెవి ఆనించి వినేవాడు. తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి మెట్లు చూసేవాడు. తీగ కింద ఇత్తడి మెట్లు ఎక్కడ అరిగాయో చూసి మన జాతకం చెప్పేవాడు.

"నువ్వు మూడు కార్డుల మీదనే బతుకుతాండావు అల్లుడా. ఈ పక్క మెట్లు చూడు, అంగట్లోనించి వచ్చినట్టే ఉండాయి. ఈడికి ఒగసారన్నా పొయినావా?"

కార్డులంటే తీగలు నొక్కే పట్లు, నాకు ఆ మూడే అన్ని పాటలకూ సరిపోయేవి, ఆ పక్కకు నేను పోలేదు. ఆ మాట పడ్డాక సిగ్గుపడి పోవడం మొదలుపెట్టాను. నా వాయింపులో ఏమైనా మెరుగంటూ ఉంటే అది ఏ గురువు వల్లా కాదు, ఆయన దెప్పుళ్ళ వల్ల.

నాకు ఇష్టమైన గిటారిస్టులందరూ క్యాసెట్లలో ఉండేవారు. మద్రాసు స్టూడియోల్లో వాయించేవాళ్ళు, అట్ట మీద పేరు కూడా ఉండదు. రెండు చరణాల మధ్య పది సెకన్లు వినబడి మాయమయ్యేవారు. ఆ పది సెకన్ల కోసం పెన్సిలుతో రీలు వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి. ఒకసారి టేప్ రికార్డరు మోసుకుపోయి మామకు వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "బాగుండాది. ఆయప్ప గిటారు తీసకరా, మెట్లు చూసి ఎంతటోడో చెప్తా" అన్నాడు.

ఆయన మెచ్చిన వాయిద్యగత్తె ఒక్కతే. పులివెందులలో చర్చి పక్కన ఉండే ఒక ముసలి నర్సమ్మ. ఆమె గిటారుకు నాలుగే తీగలు. మిగతా రెండూ ఎప్పుడో తెగిపోయాయి. మామ పనిమీద అటు పోయినప్పుడు కొత్త తీగలు ఊరికే ఇస్తానంటే, "నాలుగుతో ప్రార్థన ఏమన్నా ఆగిందా సాయిబూ?" అందట. ఆ మాట నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. నేను ఖరీదైన తీగలు కావాలని గొణిగినప్పుడల్లా నర్సమ్మను తెచ్చి నా ముందు నిలబెట్టేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆయన అంగట్లో ఒక పాత హార్మోనియం ఉండేది. ఏ వాద్యం వచ్చినా దాని మీట ఒకటి నొక్కి శ్రుతి సరిచూసేవాడు. ఆ మీట ఉండాల్సిన దానికంటే ఒక వెంట్రుకవాసి కిందికి పలికేది. అందువల్ల ప్రొద్దుటూరులో గుడి, దర్గా, చర్చి అన్నీ ఆ వెంట్రుకవాసి కిందే పాడుకునేవి. మాలో మాకు ఏ ఇబ్బందీ లేదు. కడప నుంచి ఒకాయన కీబోర్డు తీసుకుని పెళ్ళిళ్ళకు వాయించే మా ఆర్కెస్ట్రాలోకి వచ్చినప్పుడు తెలిసింది. ఏ పాట ఎత్తుకున్నా పంటి కింద రాయిపడినట్టుంది. ఆయన మండిపడి నేరుగా మామ దగ్గరికే పోయాడు. మామ అంతా విని, "మేము ముప్పై మందిమి ఒగ తీరుగా ఉండాం. నువ్వొక్కనివి. ఎవరు మార్చుకోవాలో నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన తిట్టుకుంటూ కీబోర్డునే కిందికి దించుకున్నాడు.

ఇక ఆ అంగట్లో ఉన్న రూలు. విరిగిన వస్తువు ఏది తెచ్చినా మామ అడిగే మొదటి ప్రశ్న, "ఎవరు పగలగొట్టినారు?" అనే. గాలికి పడింది, బస్సు మీద నుంచి జారింది అంటే సరే. మనిషి పగలగొట్టాడంటే మాత్రం ఆ మనిషి రావాల్సిందే. ఆయన వాడేది వడ్రంగుల సరేసు. తోలుముక్కలు ఉడికించి చేసే బంక అది, వేడిగా ఉండగానే పూయాలి, అతుకు పట్టేదాకా కదలకుండా అదిమిపట్టాలి. అదిమిపట్టే ఇనుప పట్టాలు ఆయన దగ్గర ఉండేవి కావు. పగలగొట్టినవాడి చేతులే ఆయనకు పట్టాలు. తాగి వచ్చి భజన హార్మోనియం తన్నిన ఒక పెద్దమనిషి గంటసేపు దాన్ని కావలించుకుని కూర్చోవడం నేను చూశాను. అతుకు పట్టాక సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి, "ఇంగ పో నాయనా, పని అయిపోయింది" అనేవాడు మామ. ఇది సరేసు రహస్యమా, మనుషుల రహస్యమా అని నేను అడిగితే, "పని జరుగుతాంది గదా, నీకెందుకు?" అన్నాడు.

మా ఆర్కెస్ట్రాకు కష్టమంతా ఊళ్ళతో. అవి ఫ్యాక్షన్ రోజులు. ఒక పెళ్ళికి ఒప్పుకునే ముందు వరుడి పేరుకంటే ముందు ఆ ఊరు ఏ పక్షమో తెలుసుకోవాలి. ఏ పాటలో ఏ మాట ఎవరి నాయకుణ్ణి గుర్తుచేస్తుందో చూసుకోవాలి. చొక్కా రంగు కూడా ఆలోచించి తొడుక్కునేవాళ్ళం. ఇంత జాగ్రత్తపడినవాళ్ళం గిటారు పెట్టె సంగతి ఆలోచించలేదు.

ఆ పెట్టె మామ చేసిందే. నా గిటారు మద్రాసు నుంచి తెప్పించిన సెకండ్‌హ్యాండుది, దానికి పెట్టె లేదు. ఆయన పల్చటి చెక్కతో పెట్టె చేసి, లోపల గిటారుకు గీతలు పడకుండా గుడ్డ అతికించాడు. ఎలక్షన్లు అప్పుడే అయ్యాయి. వీధుల్లో పడి ఉన్న జెండాలు, బ్యానర్ల గుడ్డ ఎవరికీ అక్కర్లేదు. మామ మూటలుగా ఏరుకొచ్చాడు. నా పెట్టెలో వేసిన గుడ్డ ఏ పార్టీదో నేను చెప్పను. చెబితే ఈ రోజుకీ ఎవరో ఒకరు లేస్తారు. గుర్తు ఉన్న వైపు చెక్కకు ఆనించి, వెలిసిన వైపు పైకి ఉంచి అతికించాడు కాబట్టి నాకు ఏమీ తెలియలేదు.

జమ్మలమడుగు అవతల ఒక ఊళ్ళో పెళ్ళి. పగటిపూట, మండే ఎండ. పెట్టె వ్యాను టాపు మీద వచ్చింది. ఆ వేడికి లోపలి సరేసు వదిలింది. తలంబ్రాలకు పాట మొదలుపెట్టమంటే నేను అందరి ముందూ పెట్టె తెరిచి గిటారు లేపాను. దాంతోపాటే గుడ్డ కూడా లేచొచ్చింది. ఎదురుపార్టీ గుర్తు, పళ్ళెమంత పెద్దది, పందిట్లో అందరికీ కనబడేలా వేలాడింది.

ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తులేదు. పెళ్ళికూతురి అన్న వేదిక మీదకు ఎక్కాడు. నా చేతిలోంచి గిటారు లాక్కుని పందిరి గుంజకేసి కొట్టాడు. ఒకే దెబ్బ. మెడ ఒకవైపు, పొట్ట ఒకవైపు పడ్డాయి, తీగలు మాత్రం రెంటినీ పట్టుకుని ఉన్నాయి. ఇంకో నలుగురు మా మీదకు రాబోతుంటే వాళ్ళ నాయన అడ్డం వచ్చి మమ్మల్ని వ్యాను ఎక్కించాడు. వెళ్తూ వెళ్తూ చూశాను. పెళ్ళికూతురు దోసిట్లో తలంబ్రాలు అట్లాగే పట్టుకుని అన్నవైపు చూస్తూ ఉంది.

మర్నాడు ముక్కల్ని దుప్పట్లో చుట్టి మామ ముందు పెట్టాను. "అతికించొద్దు మామా. నేను చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పనికి మాట్లాడుకున్యా. ఇంగ వాయించను" అన్నాను. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఆ వణుకు ఆయనా చూశాడు.

మామ గుడ్డ సంగతి అంతా విన్నాడు. చాలాసేపు పెట్టె లోపల వేలితో గీకి చూశాడు. "గుడ్డ తప్పు కాదప్పా. సరేసు పల్చగా కాసినా. చిక్కగా కాసింటే నూరేళ్ళయినా లేసేది కాదు" అన్నాడు. ఆయన ముఖంలో అంత సిగ్గు నేను మళ్ళీ చూడలేదు. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగాడు. "పగలగొట్టినోడు యాడుంటాడు?"

"మామా, నీకేమన్నా తిక్కనా? వాళ్ళు మనుషుల్నే నరుకుతాండారు."

"గిటారు నరికినోడు ఒగడే గదా. ఆయప్పనే పట్టుకోమంటా."

మరుసటి వారం చంకలో దుప్పటి మూట, చేతిలో సరేసు డబ్బాతో బస్టాండుకు బయల్దేరాడు. నేను రానన్నాను. ఆయన బస్సు ఎక్కి కూర్చున్నాడు. బస్సు కదిలాక నేనూ ఎక్కాను. ధైర్యంతో కాదు, ఆయన ఒక్కడే పోయి ఏమన్నా అయితే ఆ తర్వాత నేను బతికి ఏం చేయాలని.

ఆ ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఇద్దరు లేచి నిలబడ్డారు. పెళ్ళికూతురి నాయన మాత్రం కూర్చునే అడిగాడు.

"ఏం పని మీద వచ్చినారప్పా?"

"ఈ గిటారు అతికించాల" అన్నాడు మామ. "మీ అబ్బాయి కొంచేపు పట్టుకోవాల. అంతే."

"ఏందీ?"

"ఆ పెట్టె చేసింది నేను. ఎలచ్చన్ల గుడ్డ ఊరికే పడింటే ఏరుకొచ్చి వేసినా. మీ జెండా గుడ్డ కూడా తెచ్చినా, అది ఇంగో ఊళ్ళో హార్మోనియం పెట్టెలో ఉండాది. ఆ ఊరు మీకు పడని ఊరే. వాళ్ళు దాన్ని ఇంతవరకూ పగలగొట్టలా."

నిలబడ్డ ఇద్దరిలో ఒకడు అరుగు దిగాడు. మామ వాడివైపు చూడనేలేదు.

"నా సరేసు పల్చనైంది, అది నా తప్పు. కాబట్టి బంక నేను కాస్తా. కొట్టింది మీవాడు, వాడు పట్టుకోవాల. మా అంగట్లో ఎవరికైనా ఇదే రూలు. ఆ ఊరోళ్ళు వచ్చినా ఇదే."

పెద్దాయన తల లోపలికి తిప్పి కేకేశాడు. "ఒరేయ్, ఇట్ల రా. ఈ సాయిబు చెప్పినట్ల చెయ్."

అన్న వచ్చాడు. నా వయసువాడే. నన్ను చూసి తల దించుకున్నాడు. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి మామ నీళ్ళ గిన్నెలో సరేసు డబ్బా దించి కాచాడు. ఆ కంపుకు కోళ్ళు కూడా పరుగెత్తాయి, అరుగు మీదవాళ్ళు తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకున్నారు. ఈసారి చిక్కగానే కాచాడు. రెండు ముక్కలకూ పూసి, మెడను పొట్టలోకి దించి, అన్న చేతులు తీసుకుని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడు. "కదిలినావంటే మళ్ళా మొదటికొస్తాది" అని తాను పక్కన గొంతుక్కూర్చున్నాడు.

గంటకు పైగా పట్టుకున్నాడు ఆ మనిషి. చెమట ముక్కు కొస నుంచి కారుతోంది. ఒక ఈగ చెంప మీద వాలి లేవనంటోంది. చేతులు తీయలేక ముఖం విదిలిస్తుంటే మామ తన తువ్వాలుతో దాన్ని తోలాడు. అన్నకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. అతని చూపుడువేలి కొస కాలి నల్లబడి ఉంది. ఎందుకని నేను అడగలేదు, నాటుబాంబులు చుట్టే ఆ రోజుల్లో అడిగేవాళ్ళం కాదు.

అతనే నన్ను అడిగాడు. "ఆ తీగలు నొక్కితే వేళ్ళు నొప్పి పుట్టవా?"

నా ఎడమచేతి వేళ్ళు చూపించాను. కాయలు కాచి ఉన్నాయి. వంగి చూశాడు. "శానా దినాల్నించి వాయిస్తాండావే" అన్నాడు. మామ ట్యూబు చుట్టేశాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులకు ట్యూబు విప్పాడు మామ. మెడ దగ్గర వేలెడు పొడవున నల్లటి గీత ఉంది, దాన్ని కప్పెట్టలేదు. తీగలు వేసి, మూడు చోట్ల తట్టి విని, నా ఒళ్ళో పెట్టాడు. "వాయించు." నేను చేతులు కట్టుకున్నాను. చిలమకూరులో సోమవారం చేరమన్నారు. ఆయన బలవంతపెట్టలేదు. గిటారు మంచం కోళ్ళ మధ్య ఆనించి, తన పని చేసుకున్నాడు.

శనివారం నేను చెప్పిపోదామని అంగడికి వెళ్ళేసరికి అన్న అక్కడ కూర్చుని ఉన్నాడు. బస్సులో ఒక్కడే వచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని, అతుకు మీద బొటనవేలితో రాస్తున్నాడు.

"నిల్చిందా లేదా చూసిపోదామని వచ్చినా" అన్నాడు. తల ఎత్తకుండానే, "మా చెల్లెలు ఆషాఢానికి ఇంటికి వచ్చింది. పెండ్లి రోజునించి నాతో మాట్లాడదు. అన్నం పెడతాది, మాట్లాడదు. నేను వాళ్ళ అత్తగారింటికి రెండుసార్లు పొయినా. లోపలికి పోయేది. ఒగసారి మా ఇంటికాడికి వచ్చి వాయిస్తావా?" అన్నాడు.

నేను మామవైపు చూశాను. ఆయన చెక్కకు చిత్రిక పట్టడం ఆపలేదు.

"నాకు చేతులు వణుకుతాండాయి మామా" అన్నాను.

"వణకనీ. వణుకుతానే వాయించు. ఆయప్ప గూడా వణుకుతానే పట్టుకునె."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాం, ముగ్గురం, ఒకే సీట్లో ఇరుక్కుని. అదే వాకిలి. పందిరి గుంజలు ఇంకా తీయలేదు. నేను ఒక గుంజకు ఆనుకుని నిలబడ్డాను, మామ నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అన్న దూరంగా గోడ దగ్గర నిలబడ్డాడు. అరుగు మీద అదే మనుషులు. మొదటి కార్డు తప్పు పడింది. రెండోది కూడా సరిగా లేదు. మామ కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి నా వేళ్ళనే చూస్తున్నాడు. ఆయన వంక పెడతాడేమోనన్న భయం ముందు మిగతా భయాలు తగ్గాయి. మూడో వరుసకు వేళ్ళు దారిన పడ్డాయి. ఏ పాటో చెప్పి ఏం లాభం, ఆ రోజు ఆ పెళ్ళిలో వాయిద్దామనుకున్నది. వాయిస్తూ వాయిస్తూ, ఒకప్పుడు మామ దెప్పిన ఆ కిందిమెట్ల దాకా వెళ్ళాను. గిటారు మెడ నిలబడింది.

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో అరుగు మీదవాళ్ళకు తెలియలేదు. ఇంటి గుమ్మంలోంచి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా పెళ్ళి గాజులు ఉన్నాయి. నన్ను చూసింది, మామను చూసింది, గోడ దగ్గరున్న అన్నవైపు తిరిగింది.

"ఏంది అన్నా అట్ల నిలబడి చూస్తాండావు? వాళ్ళకు కుర్చీలు ఎయ్యి."

ఆ మనిషి ఇంట్లోకి పరుగెత్తాడు. రెండు చేతుల్లో రెండు కుర్చీలతో వచ్చాడు, ముఖం తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మామ లేచి, దుమ్ము దులుపుకుని, ఒక కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి, "రెండో తీగ దిగింది, సరిచేస్కో. సోమవారం పని ఉందంటివే, పోతావా?" అన్నాడు.

నేను రెండో కుర్చీలో కూర్చుని తీగ బిగించి, ఇంకో పాట అందుకున్నాను.